సంతకం పెట్టే ముందు ఆ నాలుగేళ్ల లెక్క చూడండి

సోంపేట మండలంలోని ఓ ఉద్దానం పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమె అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తున్నారు. భర్త పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. కిడ్నీ జబ్బు బయటపడ్డాక బరువు పనులు మానేసి ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరిచెట్లు కూలిపోయాయి. అప్పుడు మొదలైన అప్పు ఇంకా తీరలేదు. పెద్దపిల్ల డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. రెండేళ్లలో పెళ్లి చేయాలనుకుంటున్నారు. రెండోవాడు ఇంటర్ ఎంపీసీ 74 శాతంతో పాసయ్యాడు. వాడికి ఇప్పుడు పదిహేడేళ్ల తొమ్మిది నెలలు.

ఈ అబ్బాయి ఓ అకాడమీలో చేరి ఆర్మీకి తయారయ్యాడు. రాత పరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ దాటాడు. కాగితాలు తీసుకుని విశాఖపట్నం రిక్రూటింగ్ ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. భర్త "నువ్వే చూసుకో" అంటున్నారు. హవల్దారుగా రిటైరైన బావగారు "నేనూ అదే సంతకం పెట్టాను, ఇల్లు కట్టాను, పెన్షన్ తింటున్నాను, ఇంకా ఆలోచన దేనికి" అని కోప్పడుతున్నారు. పక్కింటివాళ్లేమో "నాలుగేళ్లయ్యాక ఇంటికి పంపేస్తారు" అంటున్నారు. పదో తరగతి ఒరిజినల్ మెమో అకాడమీ దగ్గరే ఉంది. ఖాళీ ప్రామిసరీ నోటు మీద ఈమె చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. ఇప్పుడు మరో అరవై వేలు ఇస్తే మంచి సెంటరు వేయిస్తామని చెబుతున్నారు. కొడుకుని అడిగితే "నీ ఇష్టం అమ్మా" అంటాడు తప్ప ఇంకో మాట లేదు.

ఉత్తరం చివర ఇలా రాశారు: "రేపు మా గుంటడికి ఏదైనా అయితే నా సంతకమే కదా అని జీవితాంతం కుమిలిపోతాను. పెట్టకపోతే వాడి బతుకు నేనే ఆపేశానంటారు. ఏటి సేయమంటారు?"

అమ్మా, ముందు ఆ చివరి మాటకి జవాబు చెబుతాను. మీ అబ్బాయి మైనరు కాబట్టి మీ అనుమతి అడుగుతున్నారు. ఒప్పందం మాత్రం వాడిది. మూడు నెలలు పోతే పద్దెనిమిది నిండుతాయి. ఆ తర్వాత మిమ్మల్ని అడిగేవాళ్లే ఉండరు. పై వయసు పరిమితి దాటడానికి వాడికి ఇంకా ఏళ్లున్నాయి. ఈసారి వద్దనుకుంటే ఈ అవకాశం పోతుంది, మళ్లీ రాత పరీక్ష దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అది చిన్న నష్టమేమీ కాదు, ఏడాది కష్టం. అయినా అంతటితో దారి మూసుకుపోదు. మీరు సంతకం పెట్టినా, పెట్టకపోయినా వాడి బతుకంతా దాని మీదే ఆధారపడి లేదు. ఆ భారం దించుకుని మిగతాది చదవండి.

మీ బావగారు తన అనుభవం నిజాయితీగానే చెబుతున్నారు. ఆయన పెట్టిన సంతకం ఆయనకి మేలే చేసింది. కానీ మీ ముందున్న కాగితం వేరు. ఆయన కాలంలో చేరిన సిపాయికి పదిహేనేళ్ల సర్వీసు దాటితే పెన్షన్ ఉండేది. రిటైరయ్యాక క్యాంటీన్, మాజీ సైనికుల వైద్య పథకం, మాజీ సైనికుడనే గుర్తింపు, ఆ గుర్తింపుతో ఉద్యోగాల్లో కోటా, అన్నీ దాని వెంటే వచ్చేవి. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. అప్పటి నుంచి సిపాయి స్థాయి నియామకాలు దాదాపు అన్నీ ఆ పద్ధతిలోనే జరుగుతున్నాయి. మీ అబ్బాయి అగ్నివీరుడిగా చేరతాడు. శిక్షణతో కలిపి నాలుగేళ్లు. ఆ తర్వాత పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడి హోదా ఉండదు కాబట్టి దాని వెంట వచ్చే క్యాంటీన్, వైద్యం కూడా ఉండవు. ఈ పథకం చెల్లదంటూ కొందరు కోర్టుకెళ్లారు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఏప్రిల్లో సుప్రీంకోర్టు కూడా అప్పీళ్లు కొట్టేసింది. కాబట్టి పాత పద్ధతి రేపోమాపో తిరిగొస్తుందన్న ఆశతో సంతకం పెట్టకండి.

పక్కింటివాళ్లు చెప్పింది కూడా సగమే నిజం. నాలుగేళ్లు పూర్తి చేసినవాళ్లలో 25 శాతం దాకా రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. వాళ్లు మరో పదిహేనేళ్లు తక్కువ కాకుండా పనిచేయాలి. అంటే నలుగురిలో ఒకరు. ఆ ఒకరు ఎవరనేది నాలుగేళ్ల పనితీరు చూసి తేలుస్తారు. "నన్ను తీసుకోవాల్సిందే" అనే హక్కు ఎవరికీ ఉండదని నిబంధనల్లోనే ఉంది. మొదటి బ్యాచ్ 2022 చివర్లో, 2023 జనవరిలో శిక్షణకు వెళ్లింది. వాళ్ల నాలుగేళ్లు నిండేది 2026 చివర్లో, 2027 మొదట్లో. "ఫలానా ఊరి కుర్రాడు నాలుగేళ్లు చేసి వచ్చి ఇలా స్థిరపడ్డాడు" అని చూపించడానికి మన జిల్లాలో అనుభవం ఇంకా పోగుపడలేదు. అందుకే నేను ఈ విషయాన్ని ఒకే ఒక్క ప్రశ్నతో తూస్తాను. ఆ 25 శాతంలో మీవాడు లేడనే అనుకోండి. నాలుగేళ్లు పూర్తి చేసి ఇరవై ఒకటి దాటిన వయసులో ఇంటికొచ్చాడు. అప్పుడు ఆ నాలుగేళ్లు చేతికిచ్చినది మీకూ వాడికీ సరిపోతుందా? సరిపోతుందంటే వెళ్లడంలో తప్పు లేదు. రెగ్యులర్ అయితేనే ఈ లెక్క కుదురుతుంది అనుకుంటే మాత్రం ఇప్పుడే ఆగి ఆలోచించాలి.

డబ్బు సంగతి అంకెల్లోనే చెబుతాను, ఒక కాగితం తీసుకుని మీరూ రాసుకోండి. మొదటి ఏడాది నెల జీతం 30,000. అందులో 30 శాతం, అంటే 9,000 సేవా నిధికి, అంటే చివర్లో ఒకేసారి చేతికిచ్చే నిధికి పోతుంది, చేతికి 21,000 వస్తుంది. రెండో ఏడాది జీతం 33,000, చేతికి 23,100. మూడో ఏడాది 36,500, చేతికి 25,550. నాలుగో ఏడాది 40,000, చేతికి 28,000. కరువు భత్యం ఉండదు. పోస్టింగుని బట్టి రిస్క్ అలవెన్సు, డ్రెస్, ప్రయాణ భత్యాలు విడిగా ఇస్తారు. చేతికొచ్చే జీతమంతా కూడితే నాలుగేళ్లకి 11 లక్షల 71 వేల 800. ఇక సేవా నిధి. మీవాడి జీతంలోంచి పోయేది మొత్తం 5 లక్షల 2 వేలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు అవుతుందని ప్రభుత్వం చెప్పింది. దాని మీద ఆదాయపు పన్ను లేదు. తిండి, బస, బట్టల ఖర్చు పెద్దగా ఉండదు కాబట్టి జాగ్రత్తపరుడైతే జీతంలోంచి మంచి మొత్తమే ఇంటికి పంపగలడు.

ఇక్కడ మూడు చోట్ల మీ లెక్క తప్పుతోంది. ఉత్తరంలో "పిల్ల పెళ్లికి ఆ పదకొండు లక్షలు అక్కరకొస్తాయి" అని రాశారు. రావు. సేవా నిధి నాలుగేళ్లు నిండాకే చేతికొస్తుంది. మీరు పెళ్లి రెండేళ్లలో అంటున్నారు. ఆ డబ్బు చూపించి ఇప్పుడే బయట వడ్డీకి తెచ్చారంటే వాడు ఇంటికొచ్చేసరికి ఆ పదకొండు లక్షలూ వడ్డీకే సరిపోతాయి. రెండోది, వాడు రెగ్యులర్‌కి ఎంపికైతే మొత్తం నిధి రాదు. వాడి వాటా, దాని వడ్డీ మాత్రమే ఇస్తారు, ప్రభుత్వ వాటా ఉండదు. ఉద్యోగం నిలబడుతుంది కాబట్టి అది మంచిదే, కానీ ముందే తెలిసుండాలి. మూడోది వాళ్ల నాన్నగారి వైద్యం. "ఆర్మీలో చేరితే తండ్రిని మిలిటరీ ఆస్పత్రిలో చూపించుకోవచ్చు" అని బావగారు అన్నారట. ఆయన కుటుంబానికి ఆ వసతి మాజీ సైనికుల పథకం వల్ల వచ్చింది. అగ్నివీరుడికి సర్వీసులో ఉన్నంతకాలం సైనిక ఆస్పత్రిలో వైద్యం ఉంటుంది, అది అతనికి. మాజీ సైనికుల పథకం అతనికి వర్తించదు. మీవారి వైద్యం ఇప్పుడు ఎలా నడుస్తోందో రేపూ అలాగే నడిపించుకోవాలి. పలాస ఆస్పత్రి, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ), మందులు, రక్తపరీక్షలు, వీటికి నెలకి ఎంతవుతోందో రాసి వాడు పంపగలిగిన డబ్బు పక్కన పెట్టి చూడండి. నా ఉద్దేశంలో మీ ఇంటికి అసలైన ఆసరా చివర్లో వచ్చే పదకొండు లక్షలు కాదు, నెలనెలా వాడు పంపగలిగే పది పన్నెండు వేలు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. సైన్యంలో చేరేవాళ్లకి వర్తించేది 1950 నాటి ఆర్మీ చట్టం. చేర్చుకునే అధికారి సర్వీసు షరతులు చదివి వినిపించి, వివరించాలని ఆ చట్టమే చెబుతోంది. అది వాళ్ల దయ కాదు, మీవాడి హక్కు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చు. అక్కడ లైన్లో వందమంది ఉంటారు, హడావుడిగా ఉంటుంది, "ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు" అంటూ వేలు చూపిస్తారు. అందుకే వెళ్లేముందు నోటిఫికేషన్ ఇంటి దగ్గరే చదువుకుని వెళ్లాలి. అది ఆర్మీ రిక్రూట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఉంది. ఇంగ్లీషు కష్టమైతే మీ పెద్దపిల్ల చేత చదివించండి. నాలుగేళ్ల డబ్బు, సెలవులు, మధ్యలో వెళ్లిపోవడం, మరణం, వైకల్యం, ఈ భాగాలు ఒక్కొక్కటీ తెలుగులో చెప్పించుకోండి. సెలవులు ఏడాదికి 30 రోజులు. నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. వాడి వయసుకి అదేమీ అడ్డం కాదు.

ఫారంలో అడిగే ప్రశ్నలకి తప్పుడు జవాబిస్తే శిక్ష ఉంటుందని కూడా అధికారి హెచ్చరించాలి. ఆర్మీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం అబద్ధం చెప్పి చేరితే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇది ఎందుకు చెబుతున్నానంటే మన ప్రాంతంలో "ఊళ్లో కొట్లాట కేసు ఉంది కదా, రాయకు", "చిన్నప్పుడు చేయి విరిగింది చెప్పకు" అని సలహాలిచ్చే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. పోలీసు వెరిఫికేషన్ తర్వాతైనా వస్తుంది, అప్పుడు బయటపడితే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాయమనండి. ఇంకోటి, పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే ఇప్పుడే సరిచేయించండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా పోల్చి చూడండి. చూడ్డానికి చిన్న విషయం, కానీ అన్నీ పాసై చివర్లో కాగితాల దగ్గర చిక్కుకున్న పిల్లల గురించి నాకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి.

ఒకసారి చేరాక "నచ్చలేదు, వచ్చేస్తాను" అనడం కుదరదు. ప్రత్యేక పరిస్థితుల్లో, పైఅధికారి ఒప్పుకుంటే తప్ప సొంత కోరిక మీద మధ్యలో వదిలేసే వీలు లేదు. ఒప్పుకున్నా అప్పటిదాకా జమైన తన వాటా, వడ్డీ మాత్రమే వస్తాయి. సెలవుకొచ్చి తిరిగి వెళ్లకపోతే అది మామూలు ఉద్యోగంలో డుమ్మా కొట్టడం లాంటిది కాదు. అనుమతి లేకుండా గైర్హాజరైతే మూడేళ్ల దాకా, పారిపోయినట్టు తేలితే ఇంకా ఎక్కువ శిక్ష ఉంటుంది. చేరికలో ఏదో పొరపాటు ఉందని తర్వాత ఎప్పుడో వాదించడమూ కుదరదు. మూడు నెలలు జీతం తీసుకుంటే చట్టప్రకారం సక్రమంగా చేరినట్టే లెక్క. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి నెలల్లో ఇంటి మీద బెంగ తప్పదు, ఫోను కూడా ఎప్పుడుపడితే అప్పుడు దొరకదు. ఆ సమయంలో మీరు ఇక్కడ ఏడుస్తూ ఫోన్లో "వచ్చేయ్ నాన్నా" అన్నారంటే వాడిని పెద్ద చిక్కులో పడేసినవాళ్లవుతారు. ఏడవాల్సినదేదైనా, అడగాల్సినదేదైనా సంతకానికి ముందే అయిపోవాలి.

ప్రాణభయం గురించి రాశారు. దాన్ని దాటవేస్తూ సమాధానం చెప్పలేను. భూమి, సముద్రం, ఆకాశం, ఎటు పంపితే అటు వెళ్తానని, ప్రాణాపాయం ఉన్నా ఆజ్ఞ పాటిస్తానని వాళ్లు ప్రమాణం చేస్తారు. ఆ మాటలకి అర్థం అక్షరాలా అదే. 2025 మేలో జమ్మూకశ్మీర్ సరిహద్దు కాల్పుల్లో ప్రాణాలిచ్చిన మురళీ నాయక్ మన రాష్ట్రం వాడే, అగ్నివీరుడే. నాలుగేళ్ల సిపాయి కదా, వెనకాల ఎక్కడో ఉంచుతారులే అనుకోవద్దు. ప్రాణం పోతే 48 లక్షల బీమా కుటుంబానికి వస్తుంది, దానికి అగ్నివీరుడు ప్రీమియం కట్టక్కర్లేదు. విధి నిర్వహణ వల్ల పోతే అదనంగా 44 లక్షలు, మిగిలిన కాలానికి జీతం, సేవా నిధి కూడా ఇస్తారు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే తీవ్రతను బట్టి 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షలు. రెగ్యులర్ సిపాయి కుటుంబానికి వచ్చే కుటుంబ పెన్షన్ లాంటిది ఇందులో లేదు. ఈ అంకెలు చదవడానికే మనసొప్పదని తెలుసు. అయినా చదవండి. నామినీగా ఎవరి పేరు రాస్తున్నాడో, బ్యాంకు ఖాతా వివరాలు ఎవరి దగ్గర ఉంటాయో ఇంట్లో అందరికీ తెలిసుండాలి.

ఇక మీ ముందున్న దారులు. ఇప్పుడే సంతకం పెట్టి పంపొచ్చు. నెలనెలా జీతం వెంటనే మొదలవుతుంది, ఇంట్లో అప్పు మీద ఒత్తిడి తగ్గుతుంది. నాలుగేళ్లలో క్రమశిక్షణ, దేహదారుఢ్యం వస్తాయి, ప్రపంచం చూస్తాడు. చేతిలో ఒక మొత్తంతో తిరిగొస్తాడు. కేంద్ర సాయుధ బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో అగ్నివీరులకి 10 శాతం కోటా, వయసులో సడలింపు ఇస్తామని 2022లోనే కేంద్రం ప్రకటించింది. కోటా అంటే దాంట్లోనూ పోటీ ఉంటుంది, ఉద్యోగం చేతిలో పెట్టినట్టు కాదు. ఈ దారిలో వెళ్తే చదువు వదిలేయకూడదన్నది నా గట్టి మాట. సర్వీసులో ఉంటూనే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ ద్వారా డిగ్రీ చేసే ఏర్పాటు ఉంది, అందులో సగం క్రెడిట్లు సైన్యంలో పొందిన శిక్షణకే ఇస్తారు. డిగ్రీ చేతిలో ఉన్న మాజీ అగ్నివీరుడు, ఇంటర్‌తో ఆగిపోయిన మాజీ అగ్నివీరుడు ఒక చోట నుంచి మొదలుపెట్టరు.

రెండో దారి కొన్నాళ్లు ఆగడం. ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో వదిలేసిన సంగతి నాకు పెద్దదిగా కనిపించింది. వాడు చదివింది ఎంపీసీ, 74 శాతం. అకాడమీవాళ్లు అందరితో పాటు వాడి చేత కూడా జనరల్ డ్యూటీకే, అంటే మామూలు సిపాయి విభాగానికే దరఖాస్తు పెట్టించారు. జనరల్ డ్యూటీకి పదో తరగతి చాలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీషు ఒక్కోదాంట్లో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం ఉంటే టెక్నికల్ విభాగానికి అర్హత వస్తుంది. నౌకాదళం, వైమానిక దళాల్లోనూ ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్ చదివినవాళ్లకి అగ్నివీరుల ఎంపిక ఉంటుంది. నౌకాదళం శిక్షణ కేంద్రం మనకి దగ్గర్లోనే, ఒడిశాలోని చిల్కాలో ఉంది. జీతం ఎక్కడైనా ఒకటే. కానీ ఇంజిన్లు, ఎలక్ట్రానిక్స్, రాడార్ల దగ్గర నాలుగేళ్లు పనిచేసి వచ్చినవాడికి బయట పని దొరకడం వేరుగా ఉంటుంది. అలాగని వచ్చిన అవకాశం వదులుకుంటే రేపు అది కచ్చితంగా దొరుకుతుందనీ లేదు. వాడి మార్కులు, వాడి ధైర్యం చూసుకుని తేల్చుకోవాలి.

మూడో దారి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడినట్టు లేదు. యూనిఫాం అంటే ఇష్టమై ఇదంతా చేస్తుంటే, పద్దెనిమిది నిండగానే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కానిస్టేబుల్ పరీక్ష రాయొచ్చు. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి బలగాలకి దాని ద్వారానే తీసుకుంటారు. పదో తరగతి చాలు, 23 ఏళ్ల దాకా వయసు, పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. బావగారి తరం పెన్షన్ పద్ధతి అందులో కూడా ఉండదు గానీ, ఉద్యోగం 60 ఏళ్ల దాకా ఉంటుంది. మీ ఇంటి పరిస్థితికి, నాలుగేళ్లలో వచ్చే మొత్తం కంటే నలభై ఏళ్లు నిలిచే జీతం మేలని నాకనిపిస్తుంది. కానీ ఆ పరీక్షకి లక్షల మంది రాస్తారు, ఫలితానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ఇల్లు గడవాలి. మీవాడు ఇప్పటికే గెలిచి చేతిలో పెట్టుకున్నదాన్ని వదిలి రాని దాని కోసం ఎదురుచూడటం కష్టమంటే, ఆ మాటని నేను కాదనలేను. పరిగెత్తి, చెమటోడ్చి సంపాదించింది వాడు.

ఇంతా రాశాక కూడా మీవాడి "నీ ఇష్టం అమ్మా" దగ్గరే నా మనసు ఆగిపోయింది. తెల్లారకముందే లేచి ఏడాదిపాటు రోడ్ల మీద పరిగెత్తినవాడికి తనదంటూ ఒక అభిప్రాయం లేకుండా ఉండదు. వెళ్లడం ఇష్టం లేకపోయినా ఇంటి అప్పు చూసి నోరు మూసుకుని ఉండొచ్చు. లేదా వెళ్లాలని ఉండి, మీ కళ్లు చూసి చెప్పలేకపోతుండొచ్చు. ఈ రెండూ చాలా దూరమైన సంగతులు, మీకు తెలియాల్సింది ఇదే. "వెళ్తావా, వెళ్లవా" అని అడిగితే మళ్లీ అదే జవాబొస్తుంది. వేరేగా అడగండి. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్ రాలేదనుకో, ఆ పదకొండు లక్షలతో ఏం చేస్తావు? మనకి అప్పు లేకపోతే ఏం చదివేవాడివి? నేను ఈ కాగితం మీద సంతకం పెట్టనంటే నీకు కోపమొస్తుందా, లోపల హమ్మయ్య అనిపిస్తుందా? వాళ్ల అక్కని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, తమ్ముళ్లు అక్కలకి చెప్పేవి అమ్మలకి చెప్పరు. వాడు స్పష్టంగా వెళ్తానంటే, పై లెక్కలన్నీ తెలిసే వెళ్తానంటే, నా ఓటు సంతకం పెట్టడానికే. మీ సంతకం కోసం వాడు నోరు తెరిచి అడగకపోతే, వాడి కోసం మీరు తొందరపడి పెట్టకండి. మూడు నెలల తర్వాత వాడే నిర్ణయించుకుంటాడు.

బావగారితో గొడవ పడకండి. ఆయన్ని పిలిచి, ఆయన సర్వీసుకీ ఇప్పటి పద్ధతికీ ఉన్న తేడాలు ఆయన ముందే చదివించండి. శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. ఆయన మాజీ సైనికుడు కాబట్టి అక్కడికి వెళ్లి ఇవన్నీ నిర్ధారించుకుని రమ్మని మీరే అడగండి. "మీరు చూసి చెప్పండి బావగారూ" అంటే ఆయన పెద్దరికమూ నిలుస్తుంది, మీకు నమ్మకమైన మనిషి ద్వారా వివరాలూ వస్తాయి. శిక్షణలో మొదటి నెలలు ఎలా ఉంటాయో, సీనియర్లతో ఎలా మసలాలో, జీతం ఎలా దాచుకోవాలో, అవి మాత్రం ఆయన కంటే బాగా మీవాడికి ఎవరూ చెప్పలేరు.

ఇక అకాడమీ. మీవాడు వెళ్లినా వెళ్లకపోయినా దీన్ని మాత్రం ఈ వారంలోనే తేల్చుకోవాలి. మంచి సెంటరుకి అరవై వేలంటున్నది పచ్చి మోసం. రాత పరీక్ష, పరుగు, మెడికల్ దాటి మెరిట్‌లో వచ్చినవాడిని ఎక్కడికి పంపాలో సైన్యం నిర్ణయిస్తుంది, అందులో బయటివాళ్లకి చేయి లేదు. రూపాయి ఇవ్వకండి. ఎవరి పేరు చెప్పి అడిగారో, ఎప్పుడు అడిగారో రాసి పెట్టుకోండి. పదో తరగతి ఒరిజినల్ మెమో ఆపుకునే హక్కు వాళ్లకి లేదు, రిక్రూటింగ్ ఆఫీసులో అది చూపించకపోతే మీవాడి పని అక్కడే ఆగిపోతుంది. బాకీ ఫీజు ఎంతో లెక్క కట్టి, రసీదు రాయించుకుని చెల్లించి, మెమో, నోటు రెండూ ఒకేసారి చేతిలోకి తీసుకోండి. ఖాళీ నోటు అన్నిటికంటే ప్రమాదం. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చిన నోటు మీద అంకె రాసుకునే అవకాశాన్ని చట్టం పట్టుకున్నవాడికే ఇస్తుంది. తర్వాత కోర్టులో కాదని నిరూపించుకోవడం మీ నెత్తిన పడుతుంది. వాళ్లు ఇవ్వబోమంటే సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్‌కి వెళ్లి అర్జీ పెట్టండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఒంటరిగా వెళ్లొద్దు, బావగారిని వెంట తీసుకెళ్లండి. నోటు చేతికి రాగానే వాళ్ల ముందే నిలువునా చింపి, ముక్కలు మీ దగ్గరే ఉంచుకోండి.